నియాండర్తల్ ఎందుకు పోయాడు?

ఆరు వారాల కిందట ఆఫీసులో భోజనాల దగ్గర జరిగిన సంగతి. మా టీములో అందరికంటే పెద్దాయన ఒకరుండేవారు. నలభై తొమ్మిదేళ్ళు. క్లయింటు బ్యాంకు పాత కోబాల్ కోడు ఆయనకి కొట్టినపిండి. కొత్తగా వచ్చిన ఏఐ పనిముట్ల దగ్గర మాత్రం కాస్త వెనకాముందాడేవారు. ఆ రోజు ఆయన తినడం ముగించి చెయ్యి కడుక్కోవడానికి లేచారో లేదో, మా లీడు గొంతు తగ్గించి "ఈయనొక నియాండర్తల్, ఇక మారడబ్బా" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళం నవ్వాం. నేనూ నవ్వాను.

రెండు వారాలు తిరక్కుండానే ఆయన్ని పంపించేశారు. ఆయనతో బాటు ఇంకో పదకొండు మందిని. మర్నాడు అదే బల్ల దగ్గర అదే లీడు "ఏం చేస్తాం, సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు గానీ, కాదని కూడా ఎవరూ అనలేదు. తలూపి ఎవరి పెరుగన్నం వాళ్ళు తినేసి లేచాం.

ఆ రెండు మాటలూ నా బుర్రలో ఉండిపోయాయి. నియాండర్తల్ అంటే మొద్దు, మారలేనివాడు, అందుకే పోయాడు అని ఏ అనుమానమూ లేకుండా వాడేస్తున్నాం కదా, అసలు వాళ్ళు నిజంగా అలాగే పోయారా? అప్పట్నుంచి వారాంతాల్లో దొరికినవన్నీ చదువుతూ వచ్చాను. నేను చదివింది ఇంజనీరింగు, మానవశాస్త్రం కాదు. కాబట్టి పొరపాట్లుంటే మొహమాటం లేకుండా దిద్దండి. చదివినంతలో నాకు అర్థమైంది ఒక్క ముక్కలో చెప్పాలంటే, వాళ్ళు తెలివి తక్కువై పోలేదు, తలకాయలు తక్కువై పోయారు. మిగతాదంతా ఆ ముక్కకి వివరణే.

చెడ్డపేరు ఎట్లా వచ్చింది?

1856లో జర్మనీలో, డుసెల్డార్ఫ్ దగ్గర నియాండర్ లోయలో సున్నపురాయి తవ్వుతున్న కూలీలకి ఓ గుహలో ఎముకలు దొరికాయి. ఎలుగుబంటివేమో అనుకున్నారు. యొహాన్ ఫూల్‌రాట్ అనే స్కూలు మాస్టారు చూసి, ఇవి మనిషివే, కాకపోతే మనలాంటి మనిషివి కావు అన్నాడు. అప్పటికి డార్విన్ పుస్తకం కూడా రాలేదు, అది 1859లో వచ్చింది. దాంతో పెద్దపెద్ద పండితులకే ఈ మాట మింగుడు పడలేదు. ఒకాయనైతే ఇది రికెట్స్ జబ్బు చేసిన కొసాక్కు గుర్రపు సైనికుడి అస్థిపంజరం అని వాదించాడు! 1864లో విలియం కింగ్ దీన్ని వేరే జాతిగా గుర్తించి హోమో నియాండర్తలెన్సిస్ అన్నాడు. రెండేళ్ళకి, 1866లో, ఎర్న్‌స్ట్ హెకెల్ ఏకంగా 'హోమో స్టుపిడస్' అనే పేరు సూచించాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు మనవాళ్ళు. వీళ్ళ విషయంలో ఆ సామెత కూడా తిరగబడింది.

అసలు దెబ్బ 1908 తర్వాత పడింది. ఫ్రాన్సులో లా షపెల్ ఓ సేన్ అనే ఊళ్ళో దాదాపు పూర్తిగా ఉన్న ఒక ముసలి నియాండర్తల్ అస్థిపంజరం దొరికింది. మార్సెలాన్ బూల్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు దాన్ని చూసి, వీళ్ళు నడుం వంగి, మోకాళ్ళు ముడుచుకుని, కాళ్ళీడ్చుకుంటూ నడిచేవాళ్ళని రాశాడు. బొమ్మల్లో, కార్టూన్లలో మనం చూసే గదపట్టుకున్న గుహమనిషి అక్కణ్ణుంచే వచ్చాడు. 1957లో ఇద్దరు శాస్త్రజ్ఞులు అదే అస్థిపంజరాన్ని మళ్ళీ పరీక్షించి, ఆ ముసలాయనకి కీళ్ళవాతం బాగా ముదిరిపోయిందని తేల్చారు. స్నానం చేయించి, గడ్డం గీసి, కోటు తొడిగి న్యూయార్కు మెట్రోలో కూర్చోబెడితే ఎవరూ తిరిగి చూడరని కూడా రాశారు.

ఒక్క టెస్టు కేసు, అదీ జబ్బు మనిషిది. దాన్ని పట్టుకుని ఒక జాతి మొత్తానికి రిపోర్టు రాసేశాం. యాభై ఏళ్ళ పాటు దాన్ని ఎవరూ రివ్యూ చెయ్యలేదు. మన ప్రాజెక్టుల్లో ఇలాంటివి జరగవా అంటే, జరుగుతాయి లెండి :)

వాళ్ళ పనితనం

నియాండర్తళ్ళు సుమారు 4 లక్షల ఏళ్ళ కిందటి నుంచి 40 వేల ఏళ్ళ కిందటి దాకా యూరప్‌లో, పశ్చిమాసియాలో, సైబీరియా దాకా బతికారు. మన హోమో సేపియన్స్ వయసు, మొరాకోలో దొరికిన అతి పాత ఎముకల లెక్కన, 3 లక్షల ఏళ్ళు. అంటే అప్‌టైం లెక్కలో ఇప్పటికీ వాళ్ళే మనకంటే ముందున్నారు. మెదడు సైజు మనతో సమానం, కొందరిలో మనకంటే ఎక్కువ.

ఇంజనీరుగా నాకు బాగా నచ్చింది వాళ్ళ జిగురు. బిర్చి అనే చెట్టు బెరడుని గాలి సరిగా తగలకుండా వేడి చేస్తే నల్లటి తారు వస్తుంది. దాంతో రాతి మొనని కర్రకి అతికించేవాళ్ళు. ఇటలీలో దొరికిన అలాంటి తారు ముక్కలు దాదాపు 2 లక్షల ఏళ్ళ నాటివి. బెరడులో తారు కంటికి కనపడదు. మంట మీద అదుపు ఉండాలి, ఓపిక ఉండాలి, ఆ కిటుకు తర్వాతి తరానికి నేర్పాలి. డాక్యుమెంటేషన్ లేకుండా!

ఫ్రాన్సులో బ్రూనికెల్ అనే గుహ ఉంది. ద్వారం నుంచి 336 మీటర్లు లోపలికి, అంటే వెలుతురు సోకని చోట, గుహలో సున్నపురాతి స్తంభాలని విరగ్గొట్టి, సుమారు 400 ముక్కలతో గుండ్రంగా పేర్చిన కట్టడాలున్నాయి. వాటి వయసు 1,76,500 ఏళ్ళని 2016లో తేల్చారు. అప్పటికి యూరప్‌లో ఉన్నది నియాండర్తళ్ళే. చీకట్లో దీపాలు పట్టుకుని, నలుగురు కలిసి, ముందే అనుకుని చేసిన పని అది. ఎందుకు చేశారో ఎవరికి తోచింది వాళ్ళు చెప్తున్నారు, చేశారన్నది మాత్రం రాతి మీద ఉంది. అదే ఫ్రాన్సులో ఇంకో చోట మూడు పోగులు కలిపి పేనిన తాడు ముక్క ఒకటి దొరికింది, 2020లో బయటపెట్టారు. తాడు పేనడం వచ్చినవాడికి సంచీ అల్లడం, వల అల్లడం ఎంతసేపు?

ఇక ఇరాక్‌లోని షానిదార్ గుహలో 1957లో దొరికిన ఒకాయన గురించి చెప్పాలి. మొహానికి పెద్ద దెబ్బ తగిలి ఒక కన్ను కనపడే స్థితిలో లేదు. కుడి చెయ్యి ఎండిపోయి, మోచేతి దగ్గరే ఆగిపోయింది. కాలు కుంటి. చెవుల్లో ఎముక పెరిగి వినికిడి కూడా పోయిందని 2017లో చెప్పారు. అలాంటి మనిషి ఆ దెబ్బలు మానాక ఏళ్ళ తరబడి బతికి, నలభైల్లో చచ్చిపోయాడు. వేటాడితేనే అన్నం దొరికే కాలంలో అన్నేళ్ళు ఆయన పొట్ట ఎవరు నింపారు? ఆయన గుంపు వాళ్ళే కదా. ఇది చదివినప్పుడు నాకు మా భోజనాల బల్ల గుర్తొచ్చింది.

అనుమానితుల జాబితా

సరే, మొద్దులు కాదు. మరెందుకు పోయారు? కొన్ని దశాబ్దాలుగా చెప్తున్న కారణాలు ఒక్కొక్కటే చూద్దాం.

ఒకటి, మనమే చంపేశాం. సినిమాకి బాగుంటుంది. కానీ యూరప్ మొత్తమ్మీద మనవాళ్ళు వాళ్ళని మూకుమ్మడిగా చంపినట్టు చూపించే స్థలం ఒక్కటీ దొరకలేదు. పైగా 2014లో 40 చోట్ల దొరికినవాటికి మళ్ళీ కాలనిర్ణయం చేస్తే, నియాండర్తళ్ళు 41 వేల నుంచి 39 వేల ఏళ్ళ కిందటికల్లా కనుమరుగయ్యారని, అంతకుముందు మనమూ వాళ్ళూ 2,600 నుంచి 5,400 ఏళ్ళు ఒకే ఖండంలో ఉన్నామని తేలింది. మనకి శాతవాహనుల కాలం నుంచి ఇప్పటిదాకా లెక్కేసినా 2,200 ఏళ్ళు దాటదు. అంతకంటే ఎక్కువ కాలం పక్కపక్కన ఉన్నారన్నమాట. 2022లో ఫ్రాన్సులోని మాండ్రిన్ గుహ నుంచి ఇంకో సంగతి బయటికొచ్చింది. 54 వేల ఏళ్ళ కిందట అక్కడ సేపియన్స్ కాపురం పెట్టారు, కొన్నాళ్ళకి పోయారు, మళ్ళీ నియాండర్తళ్ళే వచ్చారు. అంటే మొదటి రౌండులో అక్కడ నిలవలేనిది మనమే.

రెండు, వాతావరణం. 40 వేల ఏళ్ళ కిందట యూరప్‌లో చలి ఒక్కసారిగా పెరిగింది. దానికి తోడు ఇప్పటి ఇటలీలో నేపుల్స్ దగ్గర పెద్ద అగ్నిపర్వతం పేలింది. కానీ నియాండర్తళ్ళు అంతకుముందు ఇలాంటి మంచుయుగాలు చాలానే దాటారు. ఇక ఆ అగ్నిపర్వతం బూడిద పొర కిందే, అంటే పేలుడుకి ముందే, చాలాచోట్ల సేపియన్స్ పనిముట్లు వచ్చేసి ఉన్నాయని 2012లో చూపించారు. బూడిద అంటే మన వైపు ఉదాహరణ ఒకటి గుర్తొస్తుంది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద ఇప్పటికీ పొరగా ఉంది. ఆ పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి, రెండూ ఒకే తీరులో ఉన్నాయని 2007లో ప్రచురించారు. అంత పెద్ద పేలుడు తర్వాత కూడా అక్కడ మనుషులు బతుకు సాగించారంటే, ఒక్క అగ్నిపర్వతం దెబ్బకి ఒక జాతి పోయిందనడం నాకు నమ్మబుద్ధి కాదు.

మూడు, మాట్లాడ్డం రాకపోవడం. ఇది మనకి బాగా ఇష్టమైన కారణం. కానీ ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో దొరికిన నియాండర్తల్ గొంతు ఎముక మనదానిలాగే ఉంది. మాటకి సంబంధించిన ఫాక్స్‌పీ2 అనే జన్యువులో మనకున్న రెండు మార్పులూ వాళ్ళకీ ఉన్నాయని 2007లో తేలింది. అయితే మెదడులో తేడాలే లేవని కాదు. టీకేటీఎల్1 అనే జన్యువులో ఒక్క అక్షరం తేడా వల్ల మనలో మెదడు ముందుభాగంలో ఎక్కువ నాడీకణాలు పుట్టే అవకాశముందని 2022లో ప్రయోగశాలలో చూపించారు. తేడా ఉండటం వేరు, ఆ తేడా వల్లే పోవడం వేరు. మొదటిదానికి ఆధారం ఉంది, రెండోదానికి లేదు.

నాలుగు, కుక్కలు. మనకి వేటకుక్కలున్నాయి, వాళ్ళకి లేవు, అందుకే మనం నెగ్గాం అని పాట్ షిప్‌మన్ 2015లో ఒక పుస్తకమే రాశారు. చదవడానికి సరదాగా ఉంటుంది. చిక్కల్లా తేదీల దగ్గరే. ఖచ్చితంగా కుక్కే అని అందరూ ఒప్పుకునే ఎముకలు సుమారు 15 వేల ఏళ్ళవి. నియాండర్తళ్ళు అప్పటికే పోయి పాతిక వేల ఏళ్ళు.

మనందరికీ అలవాటైన పనే కదా, రాత్రి రెండింటికి సర్వరు పడిపోతే పొద్దున కూర్చుని అసలు కారణం వెతకడం. మొదటి అరగంటలో అందరూ ఒకే పెద్ద కారణం కోసం, వీలైతే ఒక మనిషి కోసం వెతుకుతారు. సాయంత్రానికి తేలేదేమిటంటే ఎప్పట్నుంచో స్పేరు లేకుండా నడుస్తున్న వ్యవస్థ, దాని మీద ఒకే రోజు పడ్డ మూడు చిన్న చిన్న దెబ్బలు. నియాండర్తళ్ళ కథ కూడా అచ్చం ఇలాంటిదే అనిపిస్తోంది.

అసలు లెక్క

సైబీరియాలో చాగిర్‌స్కాయా అనే గుహ, దాని దగ్గర్లోనే ఇంకో గుహ. రెండింట్లో దొరికిన 13 మంది నియాండర్తళ్ళ జన్యువులు 2022లో చదివారు. వాళ్ళలో ఒక తండ్రి, ఆయన టీనేజీ కూతురు కూడా ఉన్నారు. నాకు ఎందుకో ఆ వాక్యం దగ్గర కాసేపు చదవడం ఆగిపోయింది. అంతదాకా 'జాతి' అని చదువుతున్నాను, అక్కడ కుటుంబం కనపడింది. ఆ జన్యువుల లెక్కన వాళ్ళ గుంపులో ఉండేది 10 నుంచి 20 మంది. మన టీము సైజు! గుంపుకీ గుంపుకీ మధ్య రాకపోకలుండేవి, అదీ ఎక్కువగా ఆడపిల్లలు వేరే గుంపుకి వెళ్ళడం ద్వారా. అత్తారిళ్ళన్నమాట.

అదే సైబీరియాలో డెనిసోవా గుహలో దొరికిన ఒకావిడ జన్యువులు 2013 చివర్లో బయటపెట్టారు. ఆవిడ అమ్మానాన్నలు ఎంత దగ్గర బంధువులంటే, సవతి అన్నాచెల్లెళ్ళైనా అయ్యుండాలి, మేనమామా మేనకోడలైనా అయ్యుండాలి, లేదా అంతే దగ్గరి ఇంకో వరసైనా అయ్యుండాలి. మేనమామ మాట చదివి మీరూ నాలాగే ఉలిక్కిపడి ఉంటారు. మా అమ్మమ్మని ఇచ్చింది సొంత మేనమామకే. మనకి అది ఆచారం, ఆస్తి బయటికి పోకుండా, పిల్ల కళ్ళెదురుగా ఉంటుందని చేసేవాళ్ళు. ఆవిడ గుంపులో మటుకు తరతరాలుగా దగ్గరవాళ్ళ మధ్యే సంతానం కలుగుతూ వచ్చిందని జన్యువుల్లోనే కనిపిస్తోంది. చుట్టూ ఉన్నదే పదిమందైతే ఇంకెక్కడికి పోతారు?

అన్నిటికంటే విచిత్రం 2024లో ప్రచురించిన 'థోరిన్' కథ. మాండ్రిన్ గుహలోనే దొరికిన ఈ నియాండర్తల్ చివరి తరాల వాడు. కానీ ఆయన వంశం మిగతా నియాండర్తళ్ళతో దాదాపు 50 వేల ఏళ్ళు జన్యువులు కలుపుకోలేదు. వాళ్ళు ఎక్కడో దీవిలో లేరండీ, నడిచి వెళ్ళగల దూరంలోనే ఇతర నియాండర్తళ్ళున్నారు. అయినా కలవలేదు.

గుంపు చిన్నదైతే ఏమవుతుంది? కాగితం మీద లెక్కేసి చూడండి. 15 మంది గుంపులో ఒక తరంలో వరసగా మగపిల్లలే పుట్టారనుకోండి, తర్వాతి తరం సగమవుతుంది. వేటలో ఇద్దరు మగవాళ్ళు పోతే ఆ చలికాలం గట్టెక్కడం కష్టం. ఈడుకి తగ్గ జోడు దొరకదు. దగ్గర సంబంధాల వల్ల చెడు జన్యువులు రెండు వైపుల నుంచీ వచ్చి జతపడతాయి. లక్ష మంది ఉన్న చోట ఇవన్నీ సగటులో కలిసిపోతాయి. పదిహేను మంది ఉన్న చోట ప్రతి దురదృష్టమూ ప్రాణాంతకమే. ఆ స్థితిలో చలి పెరిగినా, మనలాంటి పోటీదారులు వచ్చినా, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే.

ఈ లెక్కని కంప్యూటర్లో నడిపి చూసినవాళ్ళున్నారు. 2019లో ఒక బృందం, 20 ఏళ్ళలోపు ఆడవాళ్ళ సంతానశక్తి 2.7 శాతం తగ్గినా చాలు, 10 వేల ఏళ్ళలో జాతి పోతుందని చూపించింది. 8 శాతం తగ్గితే 4 వేల ఏళ్ళే. అదే ఏడాది క్రిస్ట్ వేసన్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. నియాండర్తళ్ళు తెలివిలోనూ సంఘజీవనంలోనూ అచ్చం మనలాంటివాళ్ళే అనుకుందాం, అసలు మనం యూరప్‌కే రాలేదనుకుందాం, అయినా సరే ఇంత తక్కువ మంది ఉన్న జాతి అంతరించిపోయే ప్రమాదం గట్టిగా ఉందని వాళ్ళ లెక్క. అంతకుముందు 2017లో కొలోడ్నీ, ఫెల్డ్‌మన్ అనే ఇద్దరు, ఆఫ్రికా నుంచి మనవాళ్ళు వస్తూనే ఉండి, వాళ్ళ వైపు నుంచి ఆఫ్రికాకి పోయేవాళ్ళు లేకపోతే చాలు, ఏ ఆధిక్యతా లేకపోయినా చివరికి మిగిలేది మనమేనని చూపించారు. మనకి వెనకాల పెద్ద బెంచి ఉంది. వాళ్ళకి లేదు.

ఇవన్నీ మోడళ్ళు, మోడల్ లో పెట్టిందే బయటికొస్తుంది అని మీరనొచ్చు. ఒప్పుకుంటాను. మన సామర్థ్యానికి ఏ పాత్రా లేదని నేను అనడం లేదు. మనకి గుంపులు పెద్దవి, దూరదూరంగా ఉన్నవాళ్ళతో సంబంధాలు ఎక్కువ, కష్టం వస్తే పక్క లోయకి పోయి తలదాచుకోగలం. అదీ ఒక సామర్థ్యమే. కానీ అది ఒక్కో మనిషి బుర్రలో ఉండేది కాదు, మనిషికీ మనిషికీ మధ్య ఉండేది.

మనలోనూ చూడండి. దక్షిణాసియాలో 263 సమూహాలని పరిశీలిస్తే 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచే వచ్చాయని 2017లో తేలింది. ఇందులో మన హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ళూ ఉన్నారు. మన రెండు రాష్ట్రాల్లోని వైశ్యుల్లో ఆపరేషన్ ముందు ఇచ్చే ఒకరకం మందు పడకపోవడం మిగతావాళ్ళకంటే సుమారు వంద రెట్లు ఎక్కువని డాక్టర్లకి ఎప్పట్నుంచో తెలుసు. వ్యాపారంలో తరతరాలుగా రాణించిన వాళ్ళకి తెలివి తక్కువని ఎవరైనా అంటారా? పూర్వీకుల సంఖ్య చిన్నదైతే దాని ఖర్చు తెలివితో నిమిత్తం లేకుండా పడుతుంది, అంతే.

గెలిచినవాళ్ళు ఏమయ్యారు?

నా అభిప్రాయాన్ని ఖాయం చేసింది మాత్రం ఇది. యూరప్‌లో మొదట అడుగుపెట్టిన సేపియన్స్ ఏమయ్యారో తెలుసా? జర్మనీలోని రానిస్‌లోను, చెక్ దేశంలోని జ్లాటీ కూన్‌లోను దొరికిన 45 వేల ఏళ్ళ నాటి మనుషుల జన్యువులు 2024లో చదివారు. నికార్సైన సేపియన్స్. ఆ జనాభా మొత్తం కొన్ని వందలే. వాళ్ళ వంశం ఈ రోజు భూమ్మీద ఎవరిలోనూ లేదు. రుమేనియాలో ఓఆసె గుహలో 2002లో దొరికిన దవడ ఎముక ఇంకొకాయనది. ఆయనకి నాలుగు నుంచి ఆరు తరాల వెనక ఒక నియాండర్తల్ తాతో అవ్వో ఉన్నారని 2015లో తేలింది. ఆ వంశమూ అంతే, మిగల్లేదు.

అంటే అదే ఖండంలో, ఆ కాలంలోనే, మన మెదడు, మన మాట, మన పనిముట్లు ఉన్న మనవాళ్ళు కూడా కొద్దిమందిగా ఉన్నప్పుడు పోయారు. వాళ్ళు పోతే దురదృష్టం, నియాండర్తళ్ళు పోతే తెలివితక్కువతనమా?

అసలు పూర్తిగా పోయారా?

2010లో స్వాంటే పాబో బృందం నియాండర్తల్ జన్యుపటాన్ని తొలిసారి బయటపెట్టినప్పుడు, ఆఫ్రికా బయట ఉన్న మనందరిలో కొద్ది శాతం వాళ్ళ జన్యువులున్నాయని తేలింది. 2022లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. మనదేశం నుంచి 2,762 మంది జన్యుపటాలు చదివిన పరిశోధన ఒకటి 2025లో వచ్చింది. భారతీయుల్లో ఒక్కొక్కరిలో ఉన్నది 1 నుంచి 2 శాతమే, కానీ నా దగ్గరున్న ముక్క వేరు, మీ దగ్గరున్న ముక్క వేరు. ఆ ముక్కలన్నీ ఏరి కలిపితే నియాండర్తల్ జన్యుపటంలో దాదాపు సగం తయారైంది. ప్రాజెక్టు మూసేశారు గానీ కోడు మన బ్రాంచిలో మెర్జ్ అయిపోయింది. ఇప్పటికీ నడుస్తోంది.

నడుస్తోందని ఊరికే అనడం లేదు. మూడో క్రోమోజోములో సుమారు 50 వేల అక్షరాల ముక్క ఒకటి నియాండర్తళ్ళ నుంచి వచ్చింది. అది ఉన్నవాళ్ళకి కోవిడ్ ముదిరే ప్రమాదం ఎక్కువని 2020లో పాబో, హ్యూగో జెబెర్గ్ చూపించారు. యూరప్‌లో 16 శాతం మందిలో ఉన్న ఆ ముక్క దక్షిణాసియాలో సగం మందిలో ఉంది, బంగ్లాదేశ్‌లో 63 శాతం. 2021 మేలో సిలిండర్ల కోసం రాత్రంతా ఫోన్లు చేసిన మనకి ఇది చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. వయసు, షుగరు లాంటివి కూడా ఉన్నాయనుకోండి, ఆ ముక్కొక్కటే కారణం కాదు. అదే ముక్క ఉన్నవాళ్ళకి హెచ్ఐవీ సోకే ప్రమాదం 27 శాతం తక్కువని 2022లో జెబెర్గే చెప్పాడు. పన్నెండో క్రోమోజోములో వాళ్ళిచ్చిన ఇంకో ముక్క కోవిడ్ ముదరకుండా కాస్త కాపాడుతుంది కూడా. ఏది 'ఫిట్', ఏది కాదు అన్నది ఆ ఏడాది ఏ జబ్బు వచ్చిందన్న దాన్నిబట్టి మారిపోతోంది చూశారా?

మళ్ళీ ఆ బల్ల దగ్గరికి

'సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్' అన్న మాట డార్విన్ పుట్టించింది కాదు. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ అన్నాడు, డార్విన్ దాన్ని తన పుస్తకం ఐదో కూర్పులో, 1869లో తీసుకున్నాడు. ఆ మాటలో ఒక తిరకాసుంది. మిగిలినవాడు ఎందుకు మిగిలాడు? ఫిట్ కాబట్టి. ఫిట్ అని ఎట్లా తెలుసు? మిగిలాడు కాబట్టి. ఈ లూపులో ఎక్కడా బ్రేక్ స్టేట్‌మెంట్ లేదు. మిగిలినవాళ్ళకి ఇది చాలా హాయిగా ఉంటుంది. పోయినవాళ్ళ గురించి ఆలోచించక్కర్లేదు, మన అదృష్టాన్ని మన ప్రతిభ అని చెప్పుకోవచ్చు.

కంపెనీ వేరు, జాతి వేరు, అది నాకూ తెలుసు. ఉద్యోగం పోయినవాళ్ళంతా గొప్పవాళ్ళని, కొత్తవి నేర్చుకోనక్కర్లేదని నేను చెప్పడం లేదు. నేర్చుకోవాల్సిందే. కానీ ఆ పన్నెండు మంది పేర్లూ మళ్ళీ ఓసారి చూసుకుంటే, ఏడుగురు ఒకే క్లయింటు ప్రాజెక్టు వాళ్ళు. ఆ క్లయింటు కాంట్రాక్టు తగ్గించుకున్నాడు. పెద్దాయన అందులో ఉన్నారు. ఏడాది కిందట నన్నూ అదే ప్రాజెక్టులో వెయ్యబోయి, ఎవరో సెలవు పెట్టడంతో ఇటు మార్చారు. నేను ఈ రోజు మిగిలింది నా తెలివి వల్లనేనా? ఆ సెలవు పెట్టినవాడి పెళ్ళి వల్ల :)

పోయిన ఆదివారం పెద్దాయనకి ఫోన్ చేశాను. ఇంకో రెండు చోట్ల ఇంటర్వ్యూలకి వెళ్ళొచ్చారట, అమ్మాయి ఇంటరు రెండో ఏడు అట. "నువ్వెలా ఉన్నావు నాయనా, ఆ నెలాఖరు బ్యాచి జాబు సరిగ్గా నడుస్తోందా?" అని ఆయనే అడిగారు. నడుస్తోందన్నాను. నిజానికి పోయిన నెల రెండుసార్లు ఆగిపోయింది. ఆ రోజు భోజనాల దగ్గర నేనూ నవ్వానండీ అని చెప్దామనే ఫోన్ చేశాను. చెప్పలేకపోయాను. ఈసారి చెప్తాను.